దండు వెంట నడచిన అంగడి



భర్త యుద్యోగమునుబట్టి రెండు మూడేండ్లకొక యూరు మాఱు స్త్రీలు మనలో ననేకులు కలరు. ఊరు మాఱినప్పుడెల్ల మొదట వెదకునది వెచ్చముల కొట్టు. బియ్యమెక్కడ మేలైనవి దొరకును, నూనె యెవ్వడు కల్తీలేక అమ్మును, అరువు పెట్టువాడెవ్వడు అని తెలిసికొనువఱకు ఆ యిల్లు మన యిల్లుగా తోచదు. అట్టిచో ఊరేగాక దేశమే మాఱి, భాష తెలియక, నాణెము తెలియక, తూనికయు తెలియని చోట కాపురము పెట్టవలసిన స్త్రీ మాట యేమి? అమెరికా సైనికుల భార్యలకు జర్మనీ, ఇటలీ, జపాను, దక్షిణ కొరియా మొదలగు దేశములలో ఈ యవస్థ రెండవ ప్రపంచయుద్ధానంతరము నుండి నేటివఱకును కలుగుచున్నది. వారి కొఱకు వారి ప్రభుత్వము చేసిన యేర్పాటు విచిత్రమైనది. దానిని గూర్చి యీ మాసమున వ్రాయ దలచితిని.

భారతమున పాండవులు కురుక్షేత్రమునకు సేనలను నడిపించునపుడు ద్రౌపదీదేవి తక్కిన స్త్రీలతో గూడ ఉపప్లావ్యమున నిలిచిపోయెను. శిబిరమున మాత్రము వైద్యులు, శిల్పులు, వర్తకులు అందఱును ఉండిరని యుద్యోగపర్వమువలన తెలియుచున్నది. కావున దండునకు అంగడి క్రొత్త గాదు. దండులో ఇల్లాలు క్రొత్త.

అమెరికా సైనిక స్థావరములలో అంగళ్లు రెండు విధములు. ఒకటి కమిసరీ. ఇది వెచ్చముల కొట్టు; పిండి, పంచదార, పాలు, మాంసము, కూరగాయలు, సబ్బు మొదలగునవి యిక్కడ దొరకును. రెండవది ఎక్స్ఛేంజి. బట్టలు, చెప్పులు, బొమ్మలు, పాత్రసామగ్రి, విద్యుత్పరికరములు, సైనికుల దుస్తులు యిందు అమ్ముదురు. మన దేశమున సైనికుల క్యాంటీను అంగళ్లను నడుపు సంస్థ 1948లో ఏర్పడినది గనుక, సికింద్రాబాదు వంటి దండు పట్టణములలోని సోదరీమణులకు ఈ పద్ధతి కొంత తెలిసినదే. అయితే మన సైనికుని భార్య క్యాంటీనులో సబ్బు దొరకనిచో వీధి చివరి కొట్టులో కొనుక్కొనగలదు. పరదేశమున నున్న అమెరికా స్త్రీకి ఆ వీధి చివరి కొట్టు వేఱొక దేశము.

ఈ రెండు అంగళ్ల జమాఖర్చులు వేఱువేఱు. కమిసరీలో వెలలు లాభము కొఱకు పెట్టినవి కావు. చాలకాలము వరకు సరుకు ప్రభుత్వమునకు పడిన వెలకే అమ్మి, తుది లెక్కపై నూటికి 5 వంతులు మాత్రము అదనముగా గైకొనుచుండిరి. ఆ 5 వంతులు నేటికిని కలవు; వానితో అంగళ్ల కట్టడములను నిర్మించి బాగుచేయుదురు. పనివారి జీతములకు, సరుకును సముద్రము దాటించుటకు అగు వ్యయము ప్రభుత్వ ధనాగారము నుండి వచ్చును. ఈ పద్దు యేటికి నూఱు కోట్ల డాలర్లకు మించినది. 2017 నుండి వెలలను కొంత హెచ్చుతగ్గులు చేయుటకు అనుమతి కలిగినది. ఆ యేటనే అంగడివారు తమ సొంత ముద్రతో సరుకులమ్ముటకు ప్రారంభించిరి. అమెరికా సంయుక్త రాష్ట్రములలోను వెలుపలను కలిపి యిట్టి అంగళ్లు సుమారు 235 ఉన్నవి. 1991 అక్టోబరులో ఏర్పడిన యొక్క సంస్థయే వీనినన్నిటిని నడుపుచున్నది.

ఎక్స్ఛేంజి యట్లు గాదు. అది లాభమునకే అమ్మును. అయితే ఆ లాభము ఏ సేఠు యింటికిని పోదు. అందు హెచ్చుభాగము స్థావరములలోని క్రీడాస్థలములు, గ్రంథాలయములు, శిశువుల సంరక్షణ వంటివానికి వినియోగమగును. పరదేశములలోని అమెరికా బడులలో పిల్లలకు మధ్యాహ్న భోజనము వండి పెట్టు భారమును గూడ పదాతి, వైమానిక సేనల ఎక్స్ఛేంజివారు వహించియున్నారు. తల్లి కొన్న చీపురుకట్ట లాభములో కొంత బిడ్డ పళ్లెములోనికి వచ్చుననిన అతిశయోక్తి గాదు.

ఇట్టి యేర్పాటు దయాధర్మములవలన పుట్టలేదు. మోసపోయి మోసపోయి నేర్చుకొన్నది. పూర్వము అమెరికా సేనల వెంట సట్లర్లను వర్తకులు బండ్లు తోలుకొని పోవుచుండిరి. సైనికునకు జీతము అందుటలో ఆలస్యమగును. ఆకలికి ఆలస్యము లేదు. సట్లరు అరువు పెట్టి, ఒకటికి రెండు వెల వేసి, జీతము పంచునాడు బల్లయొద్ద కూర్చుండి తన బాకీని తాను వసూలు చేసికొనుచుండెను. 1866లో వారి శాసనసభ సట్లర్లను తొలగించి, ప్రభుత్వపు కొట్టు నుండియే అసలు వెలకు సైనికులకు సరుకు లమ్మవలెనని నిర్ణయించెను. 1867 జూలై మొదలుకొని యిది ఆచరణలోనికి వచ్చినది. అధికారులకు మాత్రము 1825 నాటినుండియే యీ సౌకర్యము కొన్ని చోట్ల కలదు. పెద్దలకు ముందు, పిన్నలకు నలువది యేండ్ల పిదప!

సట్లర్లు పోయినను స్థావరపు వర్తకులను పేరితో మఱియొక తెగ వచ్చినది. వీరి కథలో స్త్రీల ప్రసక్తి యున్నందున కొంచెము విపులముగా చెప్పెదను. 1870లో యుద్ధమంత్రిగా నున్న బెల్క్‌నాప్ అనునాతని భార్య, తమ కుటుంబ మిత్రుడైన మార్ష్ అనువానికి ఫోర్టుసిల్ అను స్థావరమున అంగడి హక్కు ఇప్పింపజూచెను. అక్కడ అదివఱకే అంగడి నడుపుచున్న వర్తకుడు తన హక్కు పోవునని భయపడి, మార్షునకు యేటికి వేలకొలది డాలర్లు కట్టుటకు ఒప్పుకొనెను. పిదప నది 12,000 డాలర్లకు నిలిచినది. అందు సగము మంత్రిగారి యింటికి చేరుచుండెను. ఆ యిల్లాలు ఆ యేటనే మరణించినను సొమ్ము ఆగలేదు. మంత్రి మఱల వివాహమాడినది ఆమె చెల్లెలినే. 1876లో ఈ రహస్యము బయలుపడి, మంత్రి రాజీనామా ఇచ్చినను శాసనసభ యాతనిపై నేరారోపణ చేసెను. విచారణలో శిక్ష పడలేదు. వాషింగ్టనులో మంత్రుల భార్యల వేషభాషలకు విందులకు లెక్కలేని వ్యయమగుచుండిన కాలమది. ఆ పట్టుబట్టల వెల యెవ్వరిచ్చిరి? ఫోర్టుసిల్‌లో పొగాకు, పంచదార హెచ్చు వెలకు కొన్న సిపాయి యిచ్చెను. పద్దు పుస్తకములో ఈ సంగతి యెక్కడను కనబడదు. అందుచేతనే యిట్టి దోపిడి చిరకాలము సాగును.

ఆ పిమ్మట 1895 జూలై 25వ తేదీన, వీలున్న ప్రతి స్థావరమునందును సైన్యమే ఎక్స్ఛేంజి నడుపవలెనని యుద్ధశాఖ ఉత్తరువు చేసినది. నావికాదళము తన అంగళ్లను 1946లో ఒక క్రమమునకు తెచ్చుకొన్నది. ఆ సంవత్సరమే మన కథకు ముఖ్యమైనది. ఏలయన 1946 ఏప్రిలులో సైనికుల భార్యలును బిడ్డలును ఎక్కిన మొదటి యోడ జర్మనీలోని బ్రేమర్‌హాఫెన్ రేవునకు చేరినది.

సోదరీమణులారా, ఆనాటి జర్మనీని ఒక్క నిమిషము తలచుకొనుడు. పట్టణములు ఇటుకల గుట్టలు. ఆ దేశపు నాణెమునకు విలువ లేదు. ఒక సిగరెట్టు పెట్టె, ఒక కాఫీ పొట్లము బంగారమువలె చెల్లుచుండెను. అట్టి చోట స్థావరపు గోడ లోపల అమెరికా స్త్రీకి పిండి, వెన్న, పండ్లడబ్బాలు, మేజోళ్లు సమస్తమును లభించుచుండెను. గోడ వెలుపల జర్మను తల్లి బిడ్డకు పాలు లేక తిరుగుచుండెను. 1946లోనే బెర్లినులోను ఫ్రాంకుఫర్టులోను సైన్యమువారు వినిమయశాలలు తెఱచిరి. జర్మను స్త్రీలు తమ యింటి పింగాణీ పాత్రలు, గాజు సామానులు, ఛాయాగ్రహణ యంత్రములు తెచ్చి యిచ్చి అంకెలు వ్రాసిన చీట్లు పుచ్చుకొందురు. అమెరికావారు తెచ్చి యిచ్చిన సిగరెట్లు, కాఫీ, సబ్బు మొదలగువానిని ఆ చీట్లకు తీసికొందురు. దొంగచాటు బేరములను అరికట్టుటకే యిది పెట్టితిమని యధికారులు చెప్పిరి. నిజమే కావచ్చును. కాని అత్తవారిచ్చిన వెండిగిన్నె చేతబట్టుకొని పొరుగు సేనవారి బల్ల ముందు వరుసలో నిలుచుండుట యెట్టిదో ఆడువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1948 జూన్‌లో జర్మనీకి క్రొత్త నాణెము వచ్చిన పిదప గాని సిగరెట్టు మఱల సిగరెట్టు కాలేదు.

దొంగ బేరములు ఆపుటకు చేసిన మఱియొక తంత్రము విచిత్రమైనది. 1946 నుండి 1973 వఱకు, కొన్నికొన్ని దేశములలో, సైనికులకు జీతము డాలర్లలో నీయక, స్థావరములలో మాత్రమే చెల్లు వేఱు నోట్లలో నిచ్చుచుండిరి. గృహిణులు కమిసరీలో ఆ నోట్లతోనే కొనవలెను. ముందు తెలుపకయే యొకనాటి యుదయమున స్థావరపు ద్వారములు మూసి, పాత నోట్లన్నియు నేటితో చెల్లవు, మార్చుకొనుడని ప్రకటించెడివారు. లోపలివారు మార్చుకొందురు. వెలుపల దాచుకొన్నవారి నోట్లు చిత్తు కాగితములగును. అట్లు మునిగినవారిలో దొంగ వర్తకులే కాక, స్థావరములలో చాకిరి చేసి కూలిగా ఆ నోట్లు పుచ్చుకొన్న పేదలును ఉండి యుందురు. వారికి కబురంపువారెవ్వరు?

ఈ గోడ నేటికిని పూర్తిగా పోలేదు. ఆయా దేశములతో చేసికొన్న ఒడంబడికల ప్రకారము స్థావరపు సరుకునకు సుంకము లేదు. అందుచేత దానిని హక్కు లేనివారికి అమ్ముట నేరము. చాల చోట్ల దానముగా నిచ్చుటకు గూడ కట్టుబాట్లు కలవు. ద్వారమున గుర్తింపు చీటి చూపనిదే లోనికి పోనీయరు. కొరియాలో సారాయము వంటివానికేగాక వెచ్చములకు గూడ కుటుంబములోని జనసంఖ్యను బట్టి నెలకింతయని పరిమితి పెట్టిరి. ఇంత కట్టుబాటు చేసినను కొరియా యుద్ధము తరువాత స్థావరములనుండి బయటికి పోయిన డబ్బా మాంసము, సాసేజీలు ఆ దేశపు కారముతో కలిసి బుదే జిగే అను పులుసు పుట్టినది. దాని పేరునకే దండు పులుసని యర్థము. సియోలునకు ఉత్తరముననున్న ఉయిజోంగ్‌బు పట్టణము దానికి ప్రసిద్ధి. కఱవు కాలమున పుట్టిన యీ వంటకమును నేడు కలిగినవారును కోరి తినుచున్నారు. స్పామ్ అను డబ్బా మాంసమును అక్కడ పండుగలకు అందమైన పెట్టెలలో కానుకగా నిచ్చుకొందురు. వస్తువుల మర్యాద ఎక్కడ ఎట్లు మాఱునో!

అంగడికి పోవు ఆడుదాని సంచి రాజ్యతంత్రములోనికి గూడ ఎక్కినది. 1960 నవంబరులో అధ్యక్షుడు ఐసెన్‌హోవరు, పరదేశములందున్న సైనిక కుటుంబముల సంఖ్యను తగ్గింపవలెనని యుత్తరువు చేసెను. కారణమేమనగా, ఈ కుటుంబములు జర్మనీలో అద్దె కట్టి, జపానులో సామాను కొని ఖర్చుపెట్టిన డాలర్లు పరదేశపు బ్యాంకులకు చేరును. ఆ బ్యాంకులు వానిని చూపి అమెరికా ఖజానా నుండి బంగారము తీసికొనుచుండెను. కావున భార్యలను ఇంటికి పంపిన బంగారము నిలుచునని లెక్క! మూడు నెలలు గడవకముందే, 1961 ఫిబ్రవరిలో, క్రొత్త అధ్యక్షుడు కెనెడీ దానిని రద్దుపఱచెను. సంసారములు విడదీసి బంగారము కూడబెట్టు ఆలోచన పురుషులకు గాక మఱెవ్వరికి తోచును?

తరువాతి దశాబ్దమున కష్టము వేఱొక దారిని వచ్చినది. 1950 ప్రాంతమున ఒక డాలరునకు 4 మార్కులకు మించి వచ్చుచుండగా, 1978 చివరకు 2 మార్కులు గూడ రాలేదు. జీతము డాలర్లలో, అద్దె మార్కులలో. స్థావరము వెలుపల కాపురమున్న చిన్న సిపాయిల భార్యలకు కమిసరీ అప్పుడు సౌకర్యము గాదు, ప్రాణాధారము. ఈ అంగళ్లు దండుగ, వీనిని ప్రైవేటు వర్తకుల కప్పగింపవలెనని అమెరికాలో మఱలమఱల వాదించువారు ఇట్టి కాలములను తలపోయవలెను. ఇది జీతములో నొక భాగము. 2013 అక్టోబరులో ప్రభుత్వపు పద్దు ఆమోదింపబడక కార్యాలయములు మూతపడినపుడు, స్వదేశమునందలి కమిసరీలు కొన్ని దినములు మూసిరి. పరదేశములలోనివి మాత్రము తెఱచియే యుంచిరి. ఏది ముఖ్యమో వారికిని తెలియును.

ఇప్పుడు జర్మనీలోని రామ్‌స్టైన్‌లో 2009లో తెఱచిన ఎక్స్ఛేంజి భవనము ఒక చిన్న పట్టణమువంటిది. ఒక్క కప్పు క్రింద అంగళ్లు, భోజనశాలలు, చలనచిత్రశాల, వసతిగృహము కలవు. దీనిలోనికి పోయిన స్త్రీకి తాను జర్మనీలో నున్నట్లే తోచదు. అదియే దాని సుఖము, అదియే దాని దోషము. మూడేండ్లుండి ఆ దేశపు రొట్టె రుచి, ఆ దేశపు కూరల పేరులు నేర్వక మఱలిపోవువారు గలరు. నా తలంపున, బియ్యము పప్పు స్థావరమున కొని, కూరలు ఊరి సంతలో కొనుట మేలు. ఊరి అంగళ్లలో కొనుటకు ఉపాయము గూడ కలదు. జర్మనీలో వస్తువుల వెలలో సామాన్యముగా నూటికి 19 వంతులు పన్ను చేరియుండును. స్థావరపు కార్యాలయము నుండి ముందుగా ఒక పత్రము తెచ్చుకొని చూపినచో, అంగడివాడు ఒప్పుకొన్న యెడల, ఆ పన్ను లేకయే కొనవచ్చును. పరుపులు, మంచములు, పెద్ద పాత్రసామగ్రి కొనువారికి ఇది చిన్న లాభము గాదు. కొన్న పిమ్మట పత్రము తెచ్చిన ప్రయోజనము లేదు.

కూరగాయల మాట వచ్చినది గనుక చెప్పెదను. సముద్రము దాటి వచ్చిన డబ్బా సరుకునకు పరదేశపు కమిసరీలలోను స్వదేశపు వెలయే. ఓడ కూలి ప్రభుత్వము భరించును. జపాను, కొరియా, గువాముల అంగళ్లలో కూరలు, పండ్ల విషయమున 2015లో ఆ పద్ధతి మార్చి, రవాణా ఖర్చును వెలలో చేర్చిరి. దానితో ఆకుకూర ధర చూచి వెనుకకు పెట్టు తల్లులు ఎక్కువైరి. డబ్బా తిండి చౌక, పచ్చి కూర ప్రియము అయిన యింట బిడ్డల ఆరోగ్యమేమగును?

అమెరికాలో వర్తకులు పత్రికలలో అచ్చువేయు ముదరా చీట్లను కత్తిరించి దాచుకొనుట గృహిణులకు అలవాటు. ఆ చీట్లకు గడువుండును. పరదేశపు స్థావరములకు అవి చేరుసరికే గడువు దాటిపోవుచుండుటచే, దాటిన పిదప ఆఱు నెలల వఱకు అక్కడి కమిసరీలు వానిని అంగీకరించుచు వచ్చినవి. ఇది తెలిసి స్వదేశమున నున్న స్త్రీలు కొందఱు, తమకు పనికిరాని గడువు దాటిన చీట్లను కట్టలు కట్టి, ముఖమెఱుగని సిపాయి భార్యలకు టపాలో పంపుచుండిరి. సైనిక టపాకు స్వదేశపు తపాలా వెలయే. జపానుకు పంపినను అమెరికాలోనే మఱియొక యూరికి పంపినట్లే. రూపాయి ఖర్చులేని యీ ఉపకారము నాకు మిక్కిలి నచ్చినది.

కమిసరీలో సామాను సంచులలో సర్ది బండివఱకు మోయువారికి జీతము లేదు. కొన్నవారు సంతోషించి చేతిలో పెట్టినదే వారి కూలి. పరదేశములలో తఱచుగా సైనికుల పిల్లలే సెలవు దినములలో ఈ పని చేయుదురు. తొలిసారి వచ్చిన యిల్లాలు ఈ సంగతి తెలియక, చిల్లర లేక, వట్టి కృతజ్ఞత చెప్పి పోవుట కలదు. క్రొత్తగా పోవువారికి పెద్దలు చెప్పవలసిన మొదటి మాట: ముందు చిల్లర తీసికొని పొమ్ము.

మఱియొక విషయము. పరదేశములందలి కుటుంబములకు వెలల హెచ్చునుబట్టి అదనపు భత్యము ఇత్తురు. దానిని నిర్ణయించుటకు కొన్ని యేండ్లకొకసారి ఇల్లిల్లు తెలుపవలసిన ప్రశ్నపత్రము పంపుదురు. మాంసము నూటికెంత కమిసరీలో కొంటివి, ఎంత ఊరిలో కొంటివి, ఎంత టపాద్వారా తెప్పించితివి అని యుండును. ఊరిలో కొన్నది హెచ్చైన భత్యము హెచ్చును. అంతయు స్థావరముననే కొన్నామని వ్రాసినచో తగ్గును. చాలమంది విసుగుచే దానిని నింపక పాఱవైతురు. పాండవుల ఆదాయవ్యయములు తానొక్కతెయే యెఱుగుదునని ద్రౌపది సత్యభామతో చెప్పినది. అట్టి యిల్లాలు ఆ పత్రమును పాఱవేయదు. పద్దు వ్రాసికొనని యింటికి భత్యమును లెక్కించువాడు తన కిష్టమైన యంకె వేయును.

బదిలీ వచ్చినపుడు సామాను తగ్గించుకొనవలెను గదా. స్థావరములలో సైనికుల భార్యల సంఘములు పాత సామానుల అంగళ్లు నడుపుదురు. పనిచేయువారు చాలవఱకు జీతము లేని స్త్రీలే. లాభము విద్యార్థులకు వేతనములుగాను, ధర్మకార్యములకును పోవును. అందు ఎక్కువగా కనబడు వస్తువు బరువైన యొక ఇనుప పెట్టె. జర్మనీ విద్యుచ్ఛక్తి 230 వోల్టులు, అమెరికా వస్తువులకు కావలసినది 120. ఈ పెట్టె దానిని తగ్గించును. వెళ్లువారు అమ్ముదురు, వచ్చువారు కొందురు. ఒకే పెట్టె అనేక సంసారములు చూచియుండును. అయినను అది శక్తిని తగ్గించును గాని దాని కంపనమును మార్చలేదు. అక్కడ క్షణమునకు 50, అమెరికాలో 60. కావున ఆ కంపనముతో నడచు పాత విద్యుత్తు గడియారమును ఇంటినుండి తెచ్చుకొన్న యిల్లాలికి గంటకు పది నిమిషములు వెనుకబడును. క్రొత్తగా వచ్చినవారికి పాత సామానుల అంగడిలో సంఘపు స్త్రీలు పెట్టె కట్టియిచ్చుచు, గడియారము మాత్రము ఇక్కడిదే కొనుక్కొమ్మని చెప్పి పంపుదురు.